గౌరవ్వ చెల్లించిన మొక్కు

గౌరవ్వ మొగుడి పేరు ఉసేను. మెట్‌పల్లి చుట్టుపక్కల ఆ పేరు వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. అతని తల్లి లింగవ్వకు వరసగా ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడో కాన్పప్పుడు ఆమె హుసేన్ పీరుకు మొక్కుకుంది, బిడ్డ బతికి బట్టకడితే నీ పేరే పెట్టుకుంటాను తండ్రీ అని. పిల్లవాడు బతికాడు, పేరు పెట్టారు. ఆ ఊళ్ళో ఎల్లమ్మ పేరు మీద ఎల్లయ్యలూ, పోచమ్మ పేరు మీద పోచన్నలూ ఉన్నట్టే పీరు పేరు మీద ఉసేన్లూ ఉంటారు. బోనాలకు కోడిని కోసేదీ వాళ్ళే, మొహర్రం వస్తే పీరును భుజానికెత్తుకుని అలావా గుండం చుట్టూ తిరిగేదీ వాళ్ళే. ఇందులో ఏది ఏ మతమని అడిగేవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఆ పేరు విమానం ఎక్కడంతో వచ్చింది.

ఉసేను దుబాయ్ పోయింది డెబ్భై ఏడులో. అందరూ దుబాయ్ అంటారు గానీ అతను చేరింది ఉమ్ అల్ క్వైన్‌లో. సముద్రపు ఒడ్డున ఉన్న పట్టణం నుంచి లోపలికి చాలా దూరం పోతే ఒక ఖర్జూరపు తోట, అందులో నీళ్ళు పెట్టే పని. అతన్ని తన పూచీ మీద పిలిపించుకున్న యజమాని, అంటే కఫీల్, పేరు అబూ రాషెద్. నెమ్మదైన మనిషి, పనివాళ్ళతో కలిసి ఒకే పళ్ళెంలో తినేవాడు. ఈ కథలో దుర్మార్గుడు లేడని నేను ముందే చెప్పేస్తున్నాను. ఒకడుంటే వాణ్ణి నోరారా తిట్టుకునైనా గౌరవ్వ కాస్త తేలికపడేది.

కచేరీ ముందు టైపు మిషను పెట్టుకుని కూర్చున్న మనిషి ఒకడు పాస్‌పోర్టులో పేరు చూసి మతం గడిలో ముస్లిం అని కొట్టేశాడు. ఉసేనును అడగలేదు. అడిగినా ఉసేను ఏం చెప్పేవాడో అతనికే తెలియదు. మొదటి శుక్రవారం అబూ రాషెద్ మసీదుకు బయల్దేరుతూ "యల్లా హుసేన్", పద, అని పిలిచాడు. ఉసేను కాళ్ళు కడుక్కుని వెంట నడిచాడు. పీర్లు నిలిపే కొట్టం ముందు చిన్నప్పట్నుంచీ వంగిన నడుము మసీదులో వంగడానికి మొరాయిస్తుందా! పక్కవాళ్ళు పలికిన మాటలు తనూ పలికాడు, రంజాన్‌లో ఉపవాసాలున్నాడు. గదిలో గోడకు వేములవాడ రాజన్న పటం అలాగే ఉంది. దానికి రోజూ ఊదుబత్తి ముట్టిస్తూనే ఉన్నాడు. తను ఎవర్నో మోసం చేస్తున్నానని అతనికి కలలో కూడా తోచలేదు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఎనభై ఒకటిలో అబూ రాషెద్ తల్లి మంచాన పడింది. ఆమెను చూసుకోవడానికి నమ్మకమైన ఆడమనిషి కావలసి, ఉసేను పెళ్ళాన్నే పిలిపించారు. ఆమె కాగితాలు మరోచోట, మరో మనిషి టైపు చేశాడు. పేరు గౌరవ్వ, మతం హిందూ. ఆ రెండు కాగితాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవలసిన అవసరం ఏడాది పాటు ఎవరికీ రాలేదు.

గౌరవ్వకు తోట నచ్చింది. పొద్దున ముసలమ్మకు స్నానం చేయించి, తల దువ్వి, గంజి తాగించేది. ఆ ముసలమ్మ అరబ్బీలో, ఈమె తెలుగులో గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఇద్దరికీ ఏమీ అర్థమయ్యేది కాదు, ఇద్దరికీ పొద్దు గడిచేది. మధ్యాహ్నం ఉసేను నమాజు చేసి గదికొస్తే గౌరవ్వ ఆటపట్టించేది.

"మా అత్త మొక్కు మీద నువ్వు వడ్డీ గూడ కడుతున్నవు గదా!"

పెళ్ళయి పదకొండేళ్ళు. మూడుసార్లు కడుపు నిలవకుండా పోయింది. అందుకే ఈసారి నెల తప్పినప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. పంపు పక్కన వేపచెట్టు కింద నిలబడి హుసేన్ పీరుకే చెప్పుకుంది. నువ్వు అత్తకిచ్చిన బిడ్డనే నాకు మొగుణ్ణి చేసినవు, నా ఒడి గూడ నువ్వే నింపాలె, బెల్లం రొట్టెల మలీద చేసి నెత్తిన పెట్టుకుని నీ దగ్గరికి నడిచొస్త అని మొక్కుకుంది. అయిదో నెల దాటాక మొగుడికి చెప్పింది. ఏడో నెల నిండాక అబూ రాషెద్ తన బండిలో ఇద్దరినీ పట్టణంలోని సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, ఇంట్లో కాన్పు చేసుకుందామనుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు అంది. ఆపరేషన్ కావాలి, ముందుగా పేరు రాయించుకోండి అంది.

పేర్లు రాసే గదిలో ఉన్నది మీరా హుస్సేన్. కోవూరు మనిషి, తొమ్మిదేళ్ళుగా అక్కడే గుమాస్తా. తెలుగు వినగానే ముఖం విప్పారింది. గౌరవ్వకు కుర్చీ వేశాడు, నీళ్ళు తెప్పించాడు. తర్వాత ఇద్దరి కాగితాలూ తీసుకుని బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరేసి వచ్చాడు.

"ఏందన్నా ఇది? నువ్వు ముస్లిం, ఈమె హిందువా?"

"నేను గూడ హిందువునే అన్నా. పీరు మొక్కు పేరు నాది," అన్నాడు ఉసేను.

"మరి నమాజుకు పోతావా?"

"పోత. మా కఫీల్ ఎనకనే నిలవడుత."

మీరా హుస్సేన్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడు, అతనికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. రొట్టెల పండక్కి చెరువులో దిగే జనాన్ని చూసి పెరిగాడు. కానీ అతను కూర్చున్నది కోవూరులో కాదు.

"చెప్పేది ఇనండి. ఈ దేశంలో పెళ్ళీ పిల్లలూ అంటే షరియతు ప్రకారమే. ముస్లిం మగోడికి హిందూ ఆడమనిషితో పెళ్ళి చెల్లదు. ఈ కాగితాల లెక్కన మీరిద్దరూ మొగుడూ పెళ్ళాలు కారు. కానప్పుడు ఈ కడుపేందని అడగతారు. నొప్పులొస్తే ఆస్పత్రిలో చేర్చుకుంటారు, కాదనరు. కానీ పెళ్ళి కాగితం లేకపోతే పోలీసులకి చెప్పాల్సిందే. చెప్పాల్సింది నేనే."

గౌరవ్వ మొగుడి వైపు చూసింది. ఆమెకు నవ్వొచ్చింది. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషిని, వీడు నీ మొగుడు కాదు అంటే ఎవరికైనా మొదట నవ్వే వస్తుంది. భయం ఆ తర్వాత, బండిలోకి ఎక్కుతుంటే వచ్చింది.

ఊరికి పోయి కందామనుకున్నారు. అబూ రాషెద్ మారుమాట లేకుండా టిక్కెట్టు కొన్నాడు, తన దగ్గర దాచిన పాస్‌పోర్టు తీసిచ్చాడు. దుబాయ్ విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి అమ్మాయి గౌరవ్వ కడుపు చూసి, ప్రయాణం చేయవచ్చని డాక్టరు రాసిన ఉత్తరం ఏదీ అంది. ఆ ఉత్తరం ఇవ్వవలసింది అదే దవాఖాన. బిడ్డ అడ్డంగా ఉన్న మనిషికి అలాంటి ఉత్తరం ఏ డాక్టరూ రాయదు. ఇంటికి తీసుకుపోదామని కొన్న తువ్వాళ్ళూ, సబ్బులూ ఉన్న సంచీతో గౌరవ్వ మళ్ళీ తోటకే వచ్చింది.

మర్నాడు మీరా హుస్సేన్ సెలవు పెట్టి మరీ వాళ్ళను కోర్టుకు తీసుకెళ్ళాడు. ఒకటే భవనం, ఒకటే వరండా. ఎడమవైపు తలుపు సర్కారు చట్టానిది, కుడివైపు తలుపు షరియతుది. రెండింటి మధ్య మంచినీళ్ళ కుండ ఒకటి. ముందు ఎడమవైపు పోయారు. అక్కడి అధికారి కోటు తొడుక్కున్న చదువుకున్న మనిషి. అంతా విన్నాడు. మా రాజ్యాంగంలో మతాన్ని బట్టి మనిషికీ మనిషికీ తేడా చూడకూడదని ఉంది, భయపడకండి అన్నాడు. గౌరవ్వకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన పుస్తకం తిరగేసి ఉసేనును అడిగాడు, ఇంతకూ నీ మతం గడిలో ఏం ఉండాలి అని.

"రెండూ," అన్నాడు ఉసేను.

మీరా హుస్సేన్ ఆ మాట తర్జుమా చెయ్యకుండా అతని వైపు చూశాడు.

"రెండూ అనే రాయమని చెప్పన్నా. నిజం గదే గదా."

"గడి ఒక్కటేరా నాయనా!"

చివరికి అధికారి చెప్పింది ఇది. అక్షరం తప్పుంటే నేను దిద్దుతాను. పుట్టినరోజు తప్పుంటే నేను దిద్దుతాను. మతం నా చేతిలో లేదు, అది పక్క తలుపు. కానీ పోయేముందు ఆలోచించుకో. మొదట్నుంచీ నేను హిందువునే అంటే అయిదేళ్ళు తప్పుడు రాతతో ఉన్నావని కేసు నా దగ్గరికే వస్తుంది, జైలుకు పంపి తర్వాత దేశం దాటిస్తాను. కాదు, ముస్లింగా ఉండి ఇప్పుడు మానేశానంటే ఆ కేసు పక్క తలుపు ఖాజీ దగ్గరికి పోతుంది. అందులో నేనేమీ చెయ్యలేను.

"ఆయన దగ్గరికి పోతే ఏమైతది?" అంది గౌరవ్వ.

మీరా హుస్సేన్ కుండ దగ్గరికెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు. "ప్రాణం మీది సంగతి, నా నోటితో అనలేనమ్మా," అన్నాడు.

వరండా మెట్ల మీద అబూ రాషెద్ కూర్చుని ఉన్నాడు. ఉసేను వెళ్ళి అతని పక్కన కూలబడ్డాడు. "హుసేన్, నా దగ్గర ఏం కావాలన్నా అడుగు," అన్నాడు అతను, అక్కడ పనివాళ్ళతో అందరూ మాట్లాడే ఆ కలగాపులగపు హిందీలో. "కానీ ఖాజీ నన్ను పిలిచి, ఇతను నమాజు చేశాడా అని అడిగితే, చెయ్యలేదని చెప్పలేను. నా వెనకే కదా నిలబడ్డావు." అబూ రాషెద్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాక్ష్యం దగ్గర అబద్ధం ఆడలేని మనిషి అతను. ఆ సుగుణం అప్పుడే అడ్డం పడింది.

ఇక మిగిలింది ఒక్కటే. అది ఎవరూ పైకి అనలేదు. ఉసేను అనలేకపోయాడు, అబూ రాషెద్ అనడం న్యాయం కాదనుకున్నాడు. చివరికి మీరా హుస్సేనే, చెప్పులవైపు చూస్తూ చెప్పాడు.

"అమ్మా, నువ్వు కలిమా చదివి ముస్లింవైతే అంతా అయిపోతాది. మీ పాత పెళ్ళినే ఖాజీ ఒప్పుకుంటాడు. బిడ్డకి తండ్రి పేరుంటాది. గంటలో కాగితం చేతికొస్తాది."

"కాకుంటే?"

"కాకుంటే ఇంకేం లేదమ్మా."

గౌరవ్వకు ఒళ్ళు మండింది. ఏ తప్పూ చెయ్యనివాళ్ళు ముగ్గురు చుట్టూ చేరి తన మాట కోసం ఎదురుచూస్తున్నారు. అరవడానికి ఎవరి మీద అరవాలి? మొగుడి మీద అరుద్దామంటే వాడప్పటికే తల వంచుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చచ్చిపోయిన అత్త మీద అరుద్దామంటే ఆమె చేసిందల్లా కొడుకు బతకాలని మొక్కుకోవడం. కడుపులో బిడ్డ అడ్డంగానే ఒకసారి కదిలింది. గౌరవ్వ నడుము పట్టుకుని లేచి, కుడివైపు తలుపు దాకా తనే నడిచింది.

ఖాజీ వయసు మళ్ళినవాడు. గర్భిణీ మనిషి నిలబడకూడదని ముందు దిండు వేయించాడు. తర్వాత ఉసేనునూ అబూ రాషెద్‌నూ బయటికి పంపేశాడు. మొగుడి ముందు, యజమాని ముందు ఆడమనిషి నిజం చెప్పలేకపోవచ్చునట. మీరా హుస్సేన్‌ను మాత్రం తర్జుమాకు ఉంచుకున్నాడు.

"ఖాజీ గారు అడగతా ఉండారమ్మా," అన్నాడు మీరా హుస్సేన్. "నీ ఇష్టంతోనే వచ్చావా? ఎవురైనా బలవంతం చేశారా?"

గౌరవ్వ మూసిన తలుపు వైపు చూసింది.

ఖాజీ ముందుకు వంగి మెల్లగా ఏదో అన్నాడు. మీరా హుస్సేన్ తర్జుమా చేశాడు. "మతంలో బలవంతం లేదంట. బలవంతం చేశారని ఒక్క మాట చెప్తే మతం మారే ఈ కాగితం ఇప్పుడే చించేస్తాడంట. చేసినోళ్ళని శిక్షిస్తాడంట. నిన్నెవురూ ఏమీ అనకుండా చూస్తానంటా ఉండాడు."

"కాగితం చించినంక నేను మా ఆయినకు ఏమైత అన్నా? నా బిడ్డ ఎవరి బిడ్డైతది?"

"అది అడగమంటావా?"

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న అడిగితే, ఎందుకు వచ్చిందో చెప్పేసినట్టే. ముసలాయన ఎదురుగా కూర్చుని, నిజంగానే ఆమె జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన ముఖంలో కపటం వెతికినా దొరకలేదు.

"వద్దు," అంది గౌరవ్వ. "ఎవ్వరు బలవంతం చెయ్యలేదని చెప్పు."

పద్ధతి ప్రకారం ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి అడిగాడు. మూడోసారి చెప్పేటప్పుడు ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఖాజీ ముఖం వికసించింది. మీరా హుస్సేన్ ఒక్కో మాటే చెప్పాడు, గౌరవ్వ ఒక్కో మాటే పలికింది. కొత్త పేరేం రాయమంటారని అడిగితే ఆమెకేం తోచలేదు. మీరా హుస్సేన్ తన చచ్చిపోయిన అక్క పేరు ఇచ్చాడు. జైబున్నీసా. అతనికి తెలిసిన పేర్లలో అంతకంటే ప్రియమైనది లేదు. ఖాజీ ఒక పళ్ళెం నిండా ఖర్జూరాలు తెప్పించి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఒకటి తింది.

తిరుగు దారిలో బండిలో గౌరవ్వ మీరా హుస్సేన్‌ను ఒక మాట అడిగింది.

"అన్నా, ఇక్కడ పీర్లు ఎక్కడ లేపుతరు? మొక్కున్నది నాకు."

పట్టణంలోనే దిగిపోవలసిన మీరా హుస్సేన్ దిగలేదు. "ఇక్కడ పీర్లు లేవమ్మా. కర్రకి గుడ్డలు చుట్టి మొక్కడం, అలావా చుట్టూ తిరగడం, మలీద పెట్టడం, అదంతా తప్పంటారు ఇక్కడోళ్ళు. ఇస్లాంలో లేదంటారు. నువ్వు నిన్నటిదాకా హిందువువి, నువ్వేం చేసుకున్నా ఎవురికీ పట్టదు. ఇప్పుడు ఈ గుడ్డి పనులు నువ్వు చెయ్యకూడదు. ఎవురైనా చూస్తే ఖాజీ దాకా పోతాది. జాగ్రత్త తల్లీ."

గౌరవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె అంతకుముందు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. రాజన్న పటం పోతుందని ఆమెకు ముందే తెలుసు. పసుపు గౌరమ్మ పోతుందనీ తెలుసు. హుసేన్ పీరైనా తనకు మిగులుతాడనుకుంది. కుడి తలుపులోంచి లోపలికి నడిచినప్పుడు ఆమె ధైర్యమంతా అదే. ఆయన దగ్గరికే కదా పోతున్నాననుకుంది.

మరో నెలకు ఆపరేషన్ అయింది. మత్తు దిగుతుండగా నర్సు "జైబున్నీసా, జైబున్నీసా" అని పిలుస్తూ ఉంటే పక్క మంచం మనిషి పలకడం లేదేమిటా అని గౌరవ్వ అనుకుంటూ పడుకుంది. చివరికి మీరా హుస్సేన్ తలుపు దగ్గర్నుంచి, "గౌరవ్వమ్మా, నిన్నే! ఆడబిడ్డ, బంగారంలాగుంది!" అని కేకేశాడు. బిడ్డ చేతికి కట్టిన పట్టీ మీద తండ్రి పేరుంది, తల్లి పేరుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అబూ రాషెద్ తల్లి మంచంలోంచే బిడ్డను చూసి మరియం అని పేరు పెట్టింది. పేర్ల మీద గౌరవ్వకు ఆశ పోయింది.

బిడ్డకు నెల రోజులవుతుండగా మొహర్రం పదోరోజు వచ్చింది. ఊళ్ళో ఆ రోజు పీర్లు వీధుల్లోకొస్తాయి. ఆడవాళ్ళు ఇంటి ముందుకొచ్చి ఆ మోసేవాళ్ళ కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోస్తారు. పెళ్ళయినప్పట్నుంచీ గౌరవ్వ ఏటా పోసింది, ఈ తోటకు వచ్చిన మొదటి ఏడు కూడా పంపు దగ్గర చెట్టు మొదట్లో ఒక బిందె కుమ్మరించింది. అప్పుడు చూసిన అబూ రాషెద్ భార్య, చెట్టుకు నీళ్ళు పోస్తోందనుకుని మెచ్చుకుంది.

ఈసారి మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించి, అబూ రాషెద్ వెనకే ఉసేను మసీదు దారి పట్టేదాకా ఆగింది. గది తలుపు గడియ పెట్టింది, కిటికీకి చీర కట్టింది. రెండు చపాతీలు నలిపి, బెల్లం కలిపి, పిడికెడు మలీద చేసి చిన్న పళ్ళెంలో పెట్టింది. ఎటు తిప్పి పెట్టాలో తెలియలేదు. పీరు లేడు, కొట్టం లేదు, గోడకు పటం తీసిన చోట మేకు ఒక్కటే ఉంది. బిడ్డను ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చుని, ఆ పళ్ళెం నెత్తిన పెట్టుకుని, ఎక్కడ ఉన్నాడో తెలియని ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడింది.

"పీరూ, ఆ పెద్దమనిషి మూడుసార్లు అడిగిండు. ఎవ్వరు బలవంతం చెయ్యలేదని మూడుసార్లు చెప్పిన. ఆయినకు చెప్పిన, నీకు జెప్ప. నీతోటి అబద్ధమాడ. చేసిన్రు. గని ఎవరు చేసిన్రే గౌరవ్వా అని నువ్వడిగితే, పేరు జెప్పనీకి నాకు ఒక్క మనిషి గూడ దొరుకుతలేడు."

దారిలో చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె పళ్ళెం దించి మలీద గబగబా తినేసింది. పళ్ళెం కడిగి బోర్లించి, కిటికీకి కట్టిన చీర విప్పి, గడియ తీసింది.